మాట ఆగేది సెక్షన్ దగ్గరా, ఊరి కట్టుబాటు దగ్గరా?

ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టినందుకు ఒకాయన్ని స్టేషన్‌కి పిలిచారనో, వాట్సాప్ గ్రూపులో ఏదో అడిగినందుకు ఒక కుటుంబంతో ఊరు మాటలు మానేసిందనో వార్త వచ్చినప్పుడల్లా మన దగ్గర వాదన ఒకేలా మొదలవుతుంది. "రాజ్యాంగం మాట్లాడే హక్కు ఇచ్చింది కదా" అని ఒకరు, "హక్కంటే నోటికొచ్చింది అనేయడమా" అని ఇంకొకరు. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో టీ కొట్టు దగ్గరైనా, విజయనగరం కోట జంక్షన్‌లో అయినా ఇదే వరస. కాసేపు విన్నాక అర్థమయ్యేదేంటంటే, ఇద్దరూ ఒకే విషయం మీద పోట్లాడుకోవడం లేదు. ఒకరు ప్రభుత్వం గురించి మాట్లాడుతున్నారు, ఇంకొకరు జనం గురించి.

పార్టీలు మారితే ఈ వాదనలు కూడా చేతులు మారతాయి. 2024 నవంబరులో రాష్ట్రంలో సోషల్ మీడియా పోస్టుల మీద వరసగా కేసులు పడ్డప్పుడు స్వేచ్ఛ గురించి గట్టిగా మాట్లాడిన వాళ్లలో చాలామంది, అంతకుముందు ప్రభుత్వంలో ఇలాంటి కేసులే పడ్డప్పుడు "తప్పు చేస్తే కేసు పెట్టరా" అన్నవాళ్లే. అప్పుడు స్వేచ్ఛ అన్నవాళ్లు ఇప్పుడు చట్టం అంటున్నారు. కాబట్టి పార్టీని కాసేపు పక్కన పెట్టి చూస్తే తప్ప ఈ చిక్కుముడి విడదు.

ముందు రాజ్యాంగం ఏం చెప్పిందో చూద్దాం

ఆర్టికల్ 19(1)(ఎ) పౌరులందరికీ భావప్రకటన స్వేచ్ఛ ఇస్తుంది. దాని వెంటే ఉన్న 19(2) ఆ స్వేచ్ఛకి ప్రభుత్వం ఏ కారణాలతో పరిమితులు పెట్టొచ్చో చెబుతుంది: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, మర్యాద లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ఉసిగొల్పడం. అంతే. ఈ జాబితాలో లేని కారణం చూపించి మాటని ఆపడం కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో మళ్లీ స్పష్టం చేసింది. "ప్రభుత్వం పరువు పోయింది" అనేది జాబితాలో లేదు. "మా వాళ్ల మనసు బాధపడింది" అనేది కూడా విడిగా లేదు.

ఈ జాబితా మొదటి నుంచీ ఇలా లేదు. శాంతిభద్రతలు, నేరానికి ఉసిగొల్పడం, విదేశీ సంబంధాలు అనేవి 1951లో మొదటి సవరణతో చేరాయి. అదే సవరణలో "సహేతుకమైన" అన్న మాట కూడా చేరింది, అంటే పరిమితి పెట్టినా అది న్యాయంగా ఉందా లేదా అని కోర్టు చూడొచ్చు. సార్వభౌమత్వం, సమగ్రత 1963లో వచ్చాయి. స్వేచ్ఛ ఇచ్చిన ఏడాదిన్నర లోపే దాన్ని కాస్త బిగించారన్నమాట. ఆ సవరణని పార్లమెంటులో సమర్థించినవాళ్లలో అప్పటి న్యాయమంత్రి అంబేడ్కర్ కూడా ఉన్నారు.

ఇక్కడే జనం ఎక్కువగా పొరబడే సంగతి ఒకటుంది. ఈ ఆర్టికల్ ప్రధానంగా కట్టేసేది ప్రభుత్వం చేతుల్ని. వాట్సాప్ గ్రూపు అడ్మిన్ మిమ్మల్ని తీసేస్తే, మీ బావ మీ నంబరు బ్లాక్ చేస్తే, పక్కింటాయన మీ పోస్టు చూసి పండక్కి పిలవకపోతే, దానికి 19(1)(ఎ) పట్టుకుని కోర్టుకి వెళ్లలేరు. ఆ గ్రూపు ఆయనది, ఆ ఇల్లు ఆయనది.

అభిప్రాయం, పిలుపు, ఉసిగొల్పడం: ఒకే విషయం మీద మూడు మాటలు

2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఇద్దరు అమ్మాయిలు అరెస్టయ్యారు. శివసేన నాయకుడు బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబై మూతపడటాన్ని ప్రశ్నిస్తూ ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, రెండో అమ్మాయి దాన్ని లైక్ చేసింది. ఆ గొడవ పెద్దదై చివరికి 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ని కొట్టేసింది. "చిరాకు కలిగించే" సందేశం పంపినా మూడేళ్ల జైలు అన్న సెక్షన్ అది. చిరాకు అనేది ఎవరికి ఎప్పుడు కలుగుతుందో ఎవరు చెప్పగలరు? కోర్టు కూడా అదే అడిగింది.

ఆ తీర్పులో కోర్టు మాటల్ని మూడు మెట్లుగా విడగొట్టింది. దీన్ని మన జిల్లా ఉదాహరణతో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఏదో ఒక ఊరి దగ్గర ఫ్యాక్టరీ వస్తోందనుకోండి. "ఈ ఫ్యాక్టరీ వస్తే చెరువు పోతుంది, మాకొద్దు" అని ఒకాయన రాశాడు. ఇది అభిప్రాయం, చర్చ. "రేపు పొద్దున్న అందరం కలెక్టరేట్ ముందు కూర్చుందాం, రండి" అని ఇంకొకాయన రాశాడు. ఇది ఒక పక్షం తీసుకుని జనాన్ని పిలవడం. మొదటి దానికన్నా వేడెక్కువ, కొందరికి నచ్చదు, అయినా దీనికీ రక్షణ ఉంది. మూడో ఆయన "రేపు కంపెనీ లారీ వస్తే తగలబెట్టండి, డ్రైవర్ని వదలొద్దు" అన్నాడు. ఇది ఉసిగొల్పడం, ఇక్కడ మాత్రమే చట్టం చెయ్యి వేయొచ్చు. ముగ్గురూ ఫ్యాక్టరీ వద్దనే అన్నారు, కానీ కోర్టు చూసేది మాటలోని కోపాన్ని కాదు, ఆ మాటకీ జరగబోయే హానికీ మధ్య దూరం ఎంత అని. 1989లోనే, రిజర్వేషన్ల మీద తీసిన ఒక తమిళ సినిమా విషయంలో, గొడవలు చేస్తామని ఎవరో బెదిరించారు కాబట్టి మాటని ఆపేస్తామంటే కుదరదని, ఆ గొడవ చేసేవాళ్లని అదుపు చేయడమే ప్రభుత్వం పని అని సుప్రీంకోర్టు చెప్పింది.

కాగితం మీద ఇది చక్కగానే ఉంది. ఎప్పుడూ ఇంత తేలిగ్గా తేలదు. "వాళ్లకి బుద్ధి చెప్పాల్సిందే" అన్న మాట ఎన్నికల్లో ఓడించడం గురించా, కర్రలు తీసుకోవడం గురించా? ఎవరన్నారు, ఎక్కడన్నారు, అన్నప్పుడు ఎదురుగా ఎవరున్నారు అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. రచ్చబండ మీద కూర్చుని అన్నమాట, వేడెక్కి ఉన్న గుంపు ముందు మైకులో అన్నమాట ఒకటి కావు.

సెక్షన్ల విషయానికొస్తే, 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం 196, మతభావాల్ని కావాలని అవమానించడం 299, పుకార్లతో అలజడి రేపడం 353, పరువు నష్టం 356. పాత రాజద్రోహం సెక్షన్‌ని 2022 మేలో సుప్రీంకోర్టు పక్కన పెట్టించింది, కొత్త చట్టంలో ఆ పేరు లేదు గానీ 152 అనే సెక్షన్ ఉంది, అది పాతదానికి కొత్త చొక్కానా కాదా అన్న వాదన నడుస్తూనే ఉంది.

గెలిచినా నలిగిపోవడం

66ఏ కథ అక్కడితో అయిపోలేదు. కొట్టేసిన తర్వాత కూడా పోలీసులు ఏళ్ల తరబడి ఆ సెక్షన్ కింద కేసులు రాస్తూనే ఉన్నారని తెలిసి సుప్రీంకోర్టు 2021లో ఆశ్చర్యపోయింది, 2022 అక్టోబరులో దాని కింద ఇక ఎవర్నీ విచారించొద్దని మళ్లీ ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. లేని సెక్షన్‌కే ఇంత ఆయుష్షు ఉంటే ఉన్న సెక్షన్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఇచ్ఛాపురంలో ఉన్న ఒక కుర్రాడి మీద పోస్టు గురించి కేసు పడిందనుకోండి. కేసు నిలబడదని లాయరే చెప్తాడు. కానీ అది కొట్టేయించుకోవాలంటే రాష్ట్రం ఈ చివర నుంచి అమరావతిలో హైకోర్టు దాకా వెళ్లాలి, ఫీజు కట్టాలి, స్టేషన్ పిలిచినప్పుడల్లా పని మానుకుని కూర్చోవాలి, ఈలోపు పాస్‌పోర్టు వెరిఫికేషనో ఉద్యోగం వెరిఫికేషనో వస్తే "కేసు పెండింగ్" అని పడుతుంది. గల్ఫ్‌కో సింగపూర్‌కో వెల్డింగ్ పనికి వెళ్దామని అప్పు చేసి ఏజెంటుకి డబ్బు కట్టిన ఇంట్లో ఇది మామూలు టెన్షన్ కాదు. రెండేళ్ల తర్వాత కేసు పోతుంది. ఆ కుర్రాడు మళ్లీ పోస్టు పెట్టడు, ఆ వీధిలో ఇంకెవరూ పెట్టరు.

దీన్ని కోర్టులు పట్టించుకోలేదని కాదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో వెంటనే అరెస్టు చేసేయకుండా ముందు నోటీసు ఇవ్వాలన్న పద్ధతిని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు గట్టిగా చెప్పింది. 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో, ఒక కవిత మీద పెట్టిన కేసుని కొట్టేస్తూ సుప్రీంకోర్టు ఇంకో మాట చేర్చింది: మాటలకి సంబంధించిన ఇలాంటి ఫిర్యాదుల్లో, శిక్ష మూడు నుంచి ఏడేళ్ల లోపు ఉన్నప్పుడు, కేసు కట్టేముందు ప్రాథమిక విచారణ చేయడం మంచిదని, ఆ మాట ప్రభావాన్ని ధైర్యమూ నిలకడా ఉన్న మనిషి దృష్టితో చూడాలి గానీ ప్రతిదానికీ ఉలిక్కిపడే మనిషి దృష్టితో కాదని. ప్రభుత్వాలు రోడ్ల మీద సభల్ని కట్టడి చేసినా కోర్టు చూస్తుంది. మన రాష్ట్రంలో 2023 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 1ని అదే ఏడాది మే నెలలో హైకోర్టు కొట్టేసింది.

ప్రభుత్వం వైపు వాదన కూడా తీసిపారేసేది కాదు. ఒక తప్పుడు వీడియో అరగంటలో రెండు వీధుల మధ్య కర్రలు లేపగలదు, ఆడవాళ్ల ఫొటోలు మార్ఫింగ్ చేసి పెట్టే వాళ్లు "భావప్రకటన" అంటూ దాక్కుంటారు, అక్కడ పోలీసులు ఆలస్యం చేస్తే నష్టపోయేది బాధితులే. చిక్కంతా ఎక్కడంటే, అలాంటి వాళ్ల కోసం చేసిన సెక్షన్‌తోనే, డ్రైనేజీ ఫొటో పెట్టి సర్పంచ్‌ని ప్రశ్నించిన వాణ్ని కూడా పిలిపించొచ్చు.

సెక్షన్ లేని శిక్ష

ఇప్పటిదాకా చెప్పినదంతా ప్రభుత్వం గురించి. మన ఊళ్లలో నోరు మూయించేది ఎక్కువగా అది కాదు.

ఒక ఊహాజనితమైన ఊరు తీసుకుందాం, పలాస వైపు అనుకోండి, గజపతినగరం వైపు అనుకోండి. అమ్మవారి సంబరం అయింది. ఇంటికింత అని చందా వేశారు, గల్ఫ్‌లో ఉన్న కుర్రాళ్లు విడిగా పంపారు, డ్యాన్స్ బేబీ డ్యాన్స్ ప్రోగ్రాం, బాణసంచా, ఊరంతా లైటింగు. సింహాచలం అనే రైతు ఊరి గ్రూపులో ఒక మెసేజి పెట్టాడు: సంబరం జమా ఖర్చులు రామమందిరం గోడకి అంటిస్తే అందరికీ తెలుస్తుంది కదా అని. అంతే. సాయంత్రం పెద్దలు పిలిపించారు.

"ఏటి సింహాచలం, ఊరంతా ఒక మాటా, నీదొక మాటా? అమ్మోరి డబ్బులు మేం తినేసామనా?"

"తినేసారని కాదు మావా, లెక్క అంటించమన్నాను."

"నువ్వొక్కడివేనేటి చందా ఇచ్చినోడివి?"

గమనించండి, ఆయన అడిగింది లెక్క. పెద్దలు విన్నది దొంగతనం ఆరోపణ. చట్టం దృష్టిలో ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. "కమిటీ వాళ్లు లక్ష రూపాయలు నొక్కేశారు" అని ఆధారం లేకుండా రాస్తే పరువు నష్టం కేసు పెట్టొచ్చు, సెక్షన్ 356లో రెండేళ్ల దాకా జైలు ఉంది, ఇలాంటి క్రిమినల్ పరువు నష్టం చెల్లుతుందని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. నిజమై ఉండి, ప్రజల మేలు కోసం చెప్పిందైతే అది పరువు నష్టం కాదని అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది. "లెక్క చూపించండి" అనడం ఏ సెక్షన్‌లోకీ రాదు. ఇంకో సంగతి, చందాల కమిటీ ప్రభుత్వ సంస్థ కాదు కాబట్టి సమాచార హక్కు దరఖాస్తు కూడా పనిచేయదు. అడగడం తప్ప ఆయనకి వేరే దారి లేదు.

ఆ రాత్రి ఆయన్ని గ్రూపులోంచి తీసేశారు. మర్నాటి నుంచి టీ కొట్టు దగ్గర ఆయన వస్తే మాటలు ఆగిపోతున్నాయి. ఆషాఢం వచ్చింది, ఊడ్పుల టైము. ఆకుమడిలో ఆకు ముదిరిపోతోంది, మనుషుల్ని పిలిస్తే "రేపొస్తాం బాబూ" అంటున్నారు, రేపు రారు. ట్రాక్టరు పక్క మడి దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది. ఇంటావిడ డ్వాక్రా గ్రూపులో సంతకాల దగ్గర ఏవో సాకులు మొదలయ్యాయి. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. స్టేషన్‌కి వెళ్తే ఎస్సై ఏం రాసుకోవాలి? "ఊడ్పుకి రాలేదు" అని కేసు ఉంటుందా?

ఆ తర్వాత ఒకరోజు చాటింపు వేశారు: సింహాచలం ఇంటికి పనికెళ్లినా, సరుకులిచ్చినా, శుభాశుభాలకి వెళ్లినా 2,000 రూపాయలు తప్పు, అంటే జరిమానా, కట్టాలి. ఇక్కడ కథ మారిపోయింది. ఎందుకు మారిందో చూద్దాం.

మొహం చాటేయడం వేరు, వెలి వేయడం వేరు

సమాజం వైపు వాదన ముందు వినాలి. నాకు నచ్చని మాట అన్నవాడితో మాట్లాడకుండా ఉండే హక్కు నాకుంది, ఆయన కొట్లో కొనకపోవడం నా ఇష్టం. స్వదేశీ ఉద్యమంలో విదేశీ బట్టల బహిష్కారం, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం, ఇవన్నీ మామూలు జనం చేతిలో ఉన్న ఒకే ఒక ఆయుధం ఒత్తిడి కాబట్టి నడిచాయి. జనం కలిసికట్టుగా ముఖం తిప్పుకోవడమే తప్పంటే, బలం లేనివాడికి ఇంకేం మిగులుతుంది? ఊరి ఐకమత్యం అనేది కూడా ఉత్త మాట కాదు. తుపాను వస్తే, హుద్‌హుద్ అయినా తిత్లీ అయినా, అధికారులకన్నా ముందు చెట్లు నరికి దారి చేసింది ఊరే.

గట్టిగా, సంఘటితంగా వ్యతిరేకించడం కూడా వెలి కాదు. మన విజయనగరం గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు కాంపోజిషన్ కమిటీలో తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి ఇచ్చాడు, శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోట్లాడాడు. జయంతి రామయ్య పంతులు లాంటి వాళ్లు పరిషత్తు పెట్టి, సభలు పెట్టి, పత్రికల్లో రాసి వాళ్లని ఎదిరించారు. వాదన ఘాటుగానే నడిచింది, ఎకసెక్కాలూ ఉన్నాయి. కానీ అది మాటకి మాట.

ఇంకో వైపు వాదన అంబేడ్కర్‌ది. రాజకీయ నియంతృత్వం కన్నా సామాజిక నియంతృత్వం ఘోరమని, ప్రభుత్వాన్ని ధిక్కరించే నాయకుడి కన్నా సమాజాన్ని ధిక్కరించే సంస్కర్తకే ఎక్కువ ధైర్యం కావాలని ఆయన 1936లోనే రాశాడు. 1947లో రాజ్యాంగ సభకి ఇచ్చిన మెమొరాండంలో సాంఘిక బహిష్కారాన్ని నేరంగా ప్రకటించాలని అడిగాడు. ఆయనకి ఇది పుస్తకాల్లో చదివిన విషయం కాదు. తెలుగు నేల మీద చుండూరులో 1991 ఆగస్టు 6 హత్యాకాండకి ముందు దళితుల మీద నడిచింది కూడా సాంఘిక బహిష్కారమే.

ఈ రెండు వాదనల మధ్య గీత ఎక్కడ అంటే, నా లెక్కలో అది మూడో మనిషి దగ్గర. మీరు సింహాచలంతో మాట్లాడకపోతే అది మీ నిర్ణయం. మీరు మాట్లాడాలనుకున్నా, మాట్లాడితే మీకు జరిమానా పడుతుందంటే, అక్కడ నిర్ణయం మీది కాదు. ఊడ్పుకి రాని కూలీ ఆయన మీద కోపంతో రాలేదా, 2,000కి భయపడి రాలేదా? మొదటిది అభిప్రాయం, రెండోది బలవంతం. పైగా రెండో దాంట్లో నోరు మూసుకున్నది ఒక్క సింహాచలం కాదు, ఆయన అడిగింది న్యాయమే అని లోపల అనుకున్న వాళ్లందరూ. ఇంకో ప్రశ్న కూడా వేసుకోవచ్చు, ఒత్తిడి దేనిమీద పెడుతున్నారు అని. ఒక కంపెనీ సబ్బు కొనకపోతే కంపెనీకి లాభం తగ్గుతుంది. ఒక మనిషికి మంచినీళ్లు, మందులు, చావుకి నలుగురు మనుషులు లేకుండా చేయడం ఆ కోవలోకి రాదు.

ఈ గీత అన్నిచోట్లా పనిచేస్తుందని కూడా అనను. సినిమా హీరో అభిమానులు పదివేల మంది ఒకమ్మాయి కామెంటు కింద తలా ఒక వెటకారం రాస్తారు. ఒక్కోటి విడిగా చూస్తే ఎవడి అభిప్రాయం వాడిది, జరిమానా లేదు, చాటింపు లేదు. అన్నీ కలిపి ఆ అమ్మాయి మీద పడితే అది రాళ్ల వాన. దీన్ని ఎలా కొలవాలో చట్టానికీ తెలీదు, సమాజానికీ తెలీదు.

నోరు తెరవకముందే

వెలి వేయాల్సిన అవసరం నిజానికి చాలా ఊళ్లలో రాదు. ఎందుకంటే అడిగేవాడే ఉండడు. 1950ల్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిన్న ప్రయోగం చేశాడు. ఒక గీత చూపించి, దానికి సమానంగా ఉన్నది పక్కనున్న మూడింటిలో ఏదని అడగడం. చిన్నపిల్లాడైనా చెప్తాడు. కానీ గదిలో ఉన్న మిగతా అందరూ ఆష్ మనుషులే, కావాలని తప్పు చెబుతారు. అసలు మనిషి ఏం చేస్తాడన్నదే ప్రయోగం. నూటికి 75 మంది దాకా కనీసం ఒక్కసారైనా గుంపుతో కలిసి తప్పు చెప్పారు. అయితే మొత్తం జవాబుల్లో ఎక్కువ భాగం సరైనవేనన్నది కూడా నిజం, మనుషులు మరీ గొర్రెలేం కాదు. దీనికన్నా నాకు ముఖ్యంగా అనిపించేది ఆయన చేసిన చిన్న మార్పు. గుంపులో ఒక్కడు, ఒకే ఒక్కడు, నిజం చెప్పేలా పెడితే గుంపుకి లొంగడం బాగా పడిపోయింది. సింహాచలం మెసేజి కింద రెండో మనిషి ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఉంటే కథ వేరేలా ఉండేదేమో. అందుకే పెద్దలు మెసేజి పెట్టినవాడి కన్నా లైక్ కొట్టినవాడి మీద ముందు కన్నేస్తారు. పాల్ఘర్‌లో రెండో అమ్మాయి అరెస్టు గుర్తుందా?

1974లో జర్మన్ పరిశోధకురాలు ఎలిజబెత్ నోయెల్-నోయ్‌మన్ దీన్నే ఇంకోలా చెప్పింది. తన అభిప్రాయం మైనారిటీలో ఉందనుకున్నవాడు మాట్లాడడు, వాడు మాట్లాడకపోవడం చూసి ఇంకొకడు తానూ ఒంటరినే అనుకుంటాడు, అలా మౌనం చుట్టలు చుట్టుకుంటూ పోతుంది. రైల్లో కొత్త మనిషితో ఈ విషయం మాట్లాడతారా అని ఆమె సర్వేల్లో అడిగేది. మనం పలాస నుంచి విశాఖ వెళ్లే పాసింజర్‌లో క్రికెట్ మాట్లాడతాం, కులం సంగతి ఎదుటివాడి ఊరు, ఇంటిపేరు కనుక్కున్నాక గానీ ఎత్తం. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో ఈ ప్రభావం ఆమె అన్నంత బలంగా కనిపించలేదు, మొండివాళ్లు ఎక్కడైనా మొండిగానే మాట్లాడతారు. మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగులకి ఇంకో కారణం కూడా ఉంది, 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రభుత్వ విధానాల్ని బహిరంగంగా విమర్శించనివ్వదు, ఊళ్లో చదువుకున్న టీచరు సంబరం లెక్కల దగ్గర కూడా నోరు మెదపకపోవడానికి ఆ అలవాటు కొంత కారణం కావొచ్చు.

మాట్లాడకపోవడం కూడా కొన్నిసార్లు అసమ్మతే. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయ గీతానికి లేచి నిలబడ్డారు గానీ మత విశ్వాసం వల్ల పాడలేదు, స్కూలు తీసేసింది. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు పిల్లల్ని చేర్చుకోమంది. తీర్పు రాసింది తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మాట్లాడే హక్కులోనే మౌనంగా ఉండే హక్కూ ఉందని ఆ తీర్పు సారం. అందరూ సంతకం పెట్టిన కాగితం మీద నేను పెట్టనంటే అది కూడా ఇందులోకే వస్తుంది.

ఎదిరించే ఊళ్లో ఎదిరించేవాడు

ఇది మన జిల్లాలో తప్పించుకోలేని ప్రశ్న. సోంపేట బీల భూముల్లో, అంటే చిత్తడి నేలల్లో, థర్మల్ ప్లాంటు వద్దని జనం పోరాడారు, 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర కూడా అదే జరిగింది. ప్రభుత్వం ముందు ఆ ఊళ్లు అసమ్మతివాదులు. అలాంటి పోరాటం నడిచే ఏ ఊళ్లోనైనా "ఫ్యాక్టరీ వస్తే మా అబ్బాయికి ఉద్యోగం వస్తుందేమో" అనుకునేవాడు ఒకడుంటాడు. ఊరి ముందు వాడు అసమ్మతివాది. పోరాడే ఊరికి ఐకమత్యం ప్రాణం, ఒక్కడు విడిపోయినా కంపెనీ వాడు ఆ ఒక్కణ్ని చూపించి "ఊరు ఒప్పుకుంది" అంటాడు, ఆ భయం ఉత్తది కాదు. అయినా ఆ ఒక్కడితో వాదించడం వేరు, వాడి బోరుకి కరెంటు తీసేయడం వేరు. పెద్ద అన్యాయాన్ని ఎదిరిస్తున్నప్పుడు చిన్న అన్యాయం లెక్కలోకి రాదా అంటే, ఉద్యమాల్లో పనిచేసినవాళ్లే రెండు రకాలుగా చెప్తారు.

చట్టం దగ్గర ఉన్నదేంటి, లేనిదేంటి

చాటింపు తర్వాత సింహాచలం స్టేషన్‌కి వెళ్తే పరిస్థితి ఆయన కులాన్ని బట్టి మారుతుంది. ఆయన ఎస్సీ లేదా ఎస్టీ అయి, వెలి వేసినవాళ్లు ఆ వర్గాల వాళ్లు కాకపోతే, అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం సాంఘిక, ఆర్థిక బహిష్కారం విధించడమే కాదు, విధిస్తామని బెదిరించడం కూడా నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. వేరే కులమైతే, లేదా సొంత కులం పెద్దలే వెలి వేస్తే, ఆ సెక్షన్ వర్తించదు. మామూలు సెక్షన్లలో వెతుక్కోవాలి: దారి అడ్డగిస్తే 126, బెదిరింపుకి 351, భయపెట్టి తప్పు డబ్బు వసూలు చేస్తే 308. పెళ్లి విషయమైతే 2018 శక్తి వాహిని తీర్పు ఉంది, మేజర్లు చేసుకున్న పెళ్లిలో ఏ పంచాయతీ పెద్దలూ వేలు పెట్టడానికి లేదని. లెక్కలు అడిగినవాడికి అలాంటి ప్రత్యేకమైన తీర్పేమీ లేదు.

మహారాష్ట్ర 2016లో కులంతో సంబంధం లేకుండా సాంఘిక బహిష్కారం మీద ప్రత్యేక చట్టం చేసింది, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇలాంటిది అన్ని రాష్ట్రాల్లో కావాలన్నవాళ్లు ఉన్నారు. వద్దనేవాళ్ల వాదన ఏంటంటే, ఎవరు ఎవరితో తిరగాలో పోలీసులు తేల్చడం మొదలైతే అది ఇంకో రకం ఒత్తిడి, పైగా ఒక మతానికో సంఘానికో తన నియమాలు పాటించనివాణ్ని బయటికి పంపే హక్కు ఉండొద్దా అని. ఈ రెండో మాట సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వెలివేతని నిషేధించిన 1949 నాటి బొంబాయి చట్టాన్ని 1962లో దావూదీ బోహ్రా మతాధిపతి కేసులో కోర్టు 4:1 మెజారిటీతో కొట్టేసింది. ఒప్పుకోని ఆ ఒక్కరు ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా. అరవై ఏళ్ల తర్వాత, 2023 ఫిబ్రవరిలో, ఆ మెజారిటీ తీర్పు సరైనదేనా అన్న ప్రశ్నని తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనానికి పంపారు.

మొదట్లో చెప్పిన కౌశల్ కిశోర్ తీర్పులో ఇంకో ముక్క ఉంది. 19, 21 ఆర్టికల్స్ కింద హక్కుల్ని ప్రభుత్వం మీదే కాదు, ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అమలు చేయించుకోవచ్చని నలుగురు జడ్జిలు అన్నారు, జస్టిస్ నాగరత్న ఒప్పుకోలేదు. ఆ నలుగురి మాట ప్రకారమే చూసినా, సింహాచలం తన ఊరి పెద్దల మీద ఆర్టికల్ 19 పట్టుకుని ఏ కోర్టుకి, ఏ రకం పిటిషన్‌తో వెళ్లాలో కింది కోర్టుల్లో ఇంకా స్థిరపడలేదు. ప్రస్తుతానికి స్టేషన్‌లో రాసుకోగలిగేది చాటింపు వేసినవాళ్ల పేర్లు, 2,000 కట్టించుకున్నవాళ్ల పేర్లు, ఆ రోజు చాటింపు విన్నామని చెప్పడానికి ఒప్పుకునే సాక్షులెవరైనా ఉంటే వాళ్ల పేర్లు.